పాపిట వెడల్పయిన ఆడవాళ్లను వెనక్కి పంపకండి
ఒడిశా సరిహద్దు జిల్లాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ప్రభుత్వ వైద్యాధికారులకు, చర్మవైద్యులకు, మందుల దుకాణాలు నడుపుతున్నవారికి,

నమస్కారం.

నేను గజపతి జిల్లాలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినదాన్ని. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు మా వీధి మహిళా పొదుపు సంఘం లెక్కలు చూస్తున్నాను. మా సంఘంలోనూ చుట్టుపక్కల సంఘాల్లోనూ ఉన్న ఆడవాళ్లం కలిసి కొన్ని నెలల కిందట, సోమవారం అర్జీలు తీసుకునే రోజున, ఒక విన్నపం ఇచ్చాం. నడినెత్తిన జుట్టు పలచబడుతున్న స్త్రీలను ప్రభుత్వ ఆసుపత్రిలో సరిగ్గా పరీక్షించి మందు ఇప్పించమని అందులో కోరాం. రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. గుర్తు చేయడానికి మళ్లీ వెళ్లినప్పుడు అక్కడున్న ఒకాయన, "మలేరియా, రక్తహీనత ఉన్న జిల్లాలో జుట్టుకు కూడా అర్జీయా అమ్మా?" అన్నారు. ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే ఆయనకు ఆ సందేహం ఉంది. ఆ సందేహం మీలో చాలామందికి ఉంటుందని నాకు అనిపిస్తోంది. అందుకే దానికి జవాబు అందరి ముందూ రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. వైద్యులకు ఇది కొత్త కాదు కానీ, ఈ లేఖ చదివే మా ఆడవాళ్లకు కూడా ఇది తెలియాలి.

మగవారికి బట్టతల వచ్చినట్టే ఆడవారికీ వంశపారంపర్యంగా జుట్టు పలచబడుతుంది. వైద్యులు దీన్ని ఫిమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్ అంటారు. మగవారిలాగా నుదుటి అంచు వెనక్కి జరగదు. ముందు వరుస చాలావరకు నిలిచే ఉంటుంది. దాని వెనుక పాపిట ఏటికేడు వెడల్పవుతుంది, నడినెత్తిన మాడు కనిపించడం మొదలవుతుంది. మొదట్లో వెంట్రుక కుదురు చచ్చిపోదు, చిన్నదైపోతుంది. లావుపాటి పొడుగు వెంట్రుక మొలవాల్సిన చోట సన్నటి, పొట్టి వెంట్రుక మొలుస్తుంది. దువ్వెనకు కుచ్చులుగా రాకపోయినా జడ మాత్రం సన్నబడుతూనే ఉంటుంది. జర్మనీకి చెందిన చర్మవైద్యుడు లుడ్విగ్ 1977లోనే దీన్ని మూడు దశలుగా విభజించి చూపారు. వైద్యులు ఇప్పటికీ ఆ దశలతో తీవ్రతను అంచనా వేస్తున్నారు.

ఇది ఎంతమందికి వస్తుంది? ఆస్ట్రేలియాలో 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇరవైల వయసు స్త్రీలలో 12 శాతం మందికి, 80 దాటినవారిలో 57 శాతం మందికి నడినెత్తిన పలచదనం కనిపించింది. కొరియాలో 2001 నాటి లెక్క ప్రకారం మొత్తం స్త్రీలలో 5.6 శాతం, 70 దాటినవారిలో దాదాపు 25 శాతం. చైనాలో ఆరు నగరాల్లో తీసిన లెక్క 2010లో వచ్చింది, అందులో 6 శాతం. ఆసియా లెక్కలు తక్కువగానే ఉన్నాయి. ఆ తక్కువ లెక్కనే పట్టుకున్నా, వంద మంది కూర్చున్న సంఘ సమావేశంలో ఆరుగురికి ఈ సమస్య ఉంటుంది. ఆ ఆరుగురిలో ప్రతి ఒక్కరూ తన ఒక్కదానికే ఇలా అయిందని, తాను ఏదో చేయరానిది చేయడం వల్లే అయిందని అనుకుంటున్నారు. షాంపూ మార్చినందుకని ఒకరు, బోరు నీళ్లతో తల స్నానం చేసినందుకని ఒకరు. గోపాలపురం తీరంలో చేపల గంపలు మోసే మన తెలుగు ఆడవాళ్లు గంప బరువు వల్లేనని చెబుతారు. రోజూ లాగి బిగించి ముడి వేస్తే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పోయే మాట నిజమే. పాపిట వెడల్పవడం వేరు. తల్లి వైపు నుంచి గానీ తండ్రి వైపు నుంచి గానీ వచ్చిన జన్యువులు అందుకు ప్రధాన కారణం. ఇంట్లో ఎవరికీ లేకపోయినా రావచ్చు. ఈ సమస్య ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి హార్మోన్లు మామూలుగానే ఉంటాయి కూడా.

దీనికి దగ్గరగా కనిపించే వేరే జబ్బులు ఉన్నాయి. టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. కారణం తొలగిపోతే సాధారణంగా ఆరు నెలల్లో అది తనంతట తానే సర్దుకుంటుంది. ఇనుము లోపం వల్ల, థైరాయిడ్ వల్ల ఊడేది వేరు. గుండ్రంగా మచ్చలాగా ఊడే పేనుకొరుకుడు మరీ వేరు. పాపిట తీసి వెలుతురులో చూసి, ఎప్పటి నుంచి, ఎలా ఊడుతోంది, నెలసరి సక్రమంగా ఉందా అని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలా సందర్భాల్లో ఏది ఏమిటో వైద్యులకు అర్థమవుతుంది. మేము అడుగుతున్నది ఆ కొద్ది నిమిషాలు. అవి దొరకనప్పుడు మా ఇళ్లలో ఏం జరుగుతోందో చెబుతాను.

1. చూడకుండానే ఐరన్ మాత్రలు రాస్తున్నారు. వైద్యుల ఊహలో అర్థం ఉంది, నేను కాదనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి, ఒడిశాలో 64 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఎవరికి ఐరన్ రాసినా మూడింట ఇద్దరికి సరిపోతుందన్నమాట. కానీ ఆ ఇద్దరిలో ఒకరికి రక్తహీనతతో పాటు వంశపారంపర్య పలచదనం కూడా ఉండవచ్చు కదా. ఆమె ఏడాది పాటు మాత్రలు మింగుతుంది, ఒంట్లో రక్తం పెరుగుతుంది, పాపిట మాత్రం ఇంకాస్త వెడల్పవుతుంది. ఈ జబ్బులో మందు, ఉన్న జుట్టును నిలబెట్టినంతగా పోయినదాన్ని తిరిగి తేలేదు కనుక ఆ ఏడాది ఆమెకు నష్టమే. రక్తహీనత లేని మూడో స్త్రీకి ఆ మాత్రల వల్ల మలబద్ధకం తప్ప ఏమీ మిగలదు. సికిల్ సెల్, థలసీమియా లాంటి వంశపారంపర్య రక్త జబ్బులు ఉన్న ప్రాంతంలో పరీక్ష లేకుండా నెలల తరబడి ఐరన్ ఇవ్వడం మంచిది కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

2. ఆసుపత్రిలో దారి దొరకనివాళ్లు దుకాణాలకు వెళుతున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. సంతలో సీసాలో పోసి అమ్మే నూనెల దగ్గర నుంచి ఫోనులో ప్రకటన చూసి తెప్పించే డబ్బాల దాకా, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని మరీ కొన్నవాళ్లు ఉన్నారు. లెక్కల పుస్తకం నా చేతిలోనే ఉంటుంది కనుక నాకు తెలుసు. గుంటగలగర నూనె, మందార ఆకు, కుంకుడుకాయ మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. వాటితో తల శుభ్రంగా, జుట్టు మెత్తగా ఉంటుంది. చిన్నబడిన కుదురును అవి పెద్దది చేస్తాయని ఎవరూ నిరూపించలేదు.

నూనెతో పోయేది డబ్బే. మాత్రలతో పోయేది అంతకంటే ఎక్కువ. జుట్టుకు మంచిదని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు పెద్ద మోతాదుల్లో అమ్ముతున్నారు. ఆ మాత్రలు వేసుకుంటూ రక్తపరీక్ష చేయించుకుంటే థైరాయిడ్ ఫలితాలు తప్పుగా రావచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుదారి పట్టవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. పరీక్షకు ముందు "బయోటిన్ వేసుకుంటున్నావా అమ్మా" అని మా జిల్లాల్లో ఎవరు అడుగుతున్నారు?

ఇంకా ఉంది. జుట్టు పలచబడకుండా తలకు రాసే మినాక్సిడిల్ మందు కావాలని అడిగితే మగవారికి అమ్మే సీసానే ఆడవారికీ అందిస్తున్నారు. మోతాదు ఎక్కువైతే నుదుటి మీద, చెంపల మీద సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి. అది చూసి భయపడి మందు మానేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కొన్ని సీసాల్లో మగవారి బట్టతలకు వాడే ఫినాస్టరైడ్ కూడా కలిపి ఉంటుంది. గర్భంలో మగశిశువు ఉంటే ఆ బిడ్డ జననాంగాల ఎదుగుదలకు ఫినాస్టరైడ్ వల్ల హాని జరిగే ప్రమాదం ఉంది. పిల్లలను కనే వయసులో ఉన్న స్త్రీ చేతికి ఏ ప్రశ్నా అడగకుండా అలాంటి సీసా ఇవ్వడం ఎంత ప్రమాదమో దుకాణదారులు ఒక్కసారి ఆలోచించాలి.

3. దొరికిన సరైన మందును కూడా మధ్యలో వదిలేస్తున్నారు. మినాక్సిడిల్ 2 శాతం ద్రావణాన్ని స్త్రీల కోసం అమెరికాలో 1991లోనే అనుమతించారు, రోజుకోసారి రాసే 5 శాతం నురుగు రకాన్ని 2014లో. అంత పాత మందు ఇది. పని చేస్తోందో లేదో తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదలుపెట్టిన కొత్తలో కొన్ని వారాలు జుట్టు ఇంకా ఎక్కువగా ఊడవచ్చు. పాత వెంట్రుకలు రాలి కొత్తవి రావడానికి అది దారి. ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పకపోవడం వల్ల, మందే జుట్టు ఊడగొడుతోందని సీసా పారేస్తున్నారు. మానేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోతుందని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదని కూడా చెప్పేవారు లేరు.

4. పెళ్లికాని పిల్లల మాట. ఇరవై రెండేళ్ల అమ్మాయికి పాపిట వెడల్పయితే "ఏదో జబ్బు ఉంది, పిల్లలు పుడతారో లేదో" అనే మాట పెళ్లిచూపుల కంటే ముందే ఆ ఇంటికి చేరుతుంది. జుట్టు పలచబడటం ఒక్కటే ఉంటే అది సంతానానికి అడ్డు కాదని వైద్యుడు చీటీ మీద రాసి ఇస్తే ఆ తల్లిదండ్రులకు ఎంత ధైర్యం! అలాంటి చీటీ లేక ఆడపిల్లలు సవరం కట్టుకుని, తలమీద చున్నీ తీయకుండా కాలేజీకి వెళుతున్నారు. చదువు మధ్యలో మానేస్తానని ఏడ్చిన పిల్ల నాకు తెలుసు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని సింహాచలం తీసుకెళ్లి తలనీలాలు ఇప్పించిన తల్లులూ తెలుసు. మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే. గుండు చేస్తే కుదురు మారదని ఎవరో ఒకరు వారికి మర్యాదగా చెప్పాలి.

5. ఇక మీరు చెప్పే పెద్ద జబ్బులు జుట్టు వెనుకే దాక్కుని ఉంటున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలను కనే వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉంది. అందులో 70 శాతం మంది దాకా తమకు ఆ సమస్య ఉన్నట్టే తెలియకుండా ఉన్నారు. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నడినెత్తిన పలచదనం దాని గుర్తులు. మా ఆడవాళ్లు నెలసరి సంగతి చెప్పడానికి ఆసుపత్రికి రారు, జుట్టు ఊడుతోందంటే వస్తారు. వచ్చిన మనిషిని "ఇది అందం సంగతి" అని తిప్పి పంపితే థైరాయిడ్, పీసీఓఎస్, ఇనుము లోపం అన్నీ ఆమెతోనే తిరిగి వెళ్లిపోతాయి.

6. దూరం. చర్మవైద్యుడి కోసం గుణుపురం, కాశీనగరం వైపు నుంచి బరంపురమో విశాఖపట్నమో వెళ్లాలి. ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, ప్రైవేటు ఫీజు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరినవారికి పనికొస్తుంది, ఓపీ చీటీకి పనికిరాదు.

వీటన్నిటిని దృష్టిలో పెట్టుకుని మేము కోరుతున్నవి ఇవి. ఏదీ కొత్త భవనం అడగదు.

1. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక పూట చర్మ, జుట్టు సమస్యలకు కేటాయించండి. చర్మవైద్యుడు లేని చోట ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ద్వారా జిల్లా ఆసుపత్రి వైద్యుడికి పాపిట ఫోటో చూపించి సలహా తీసుకోవచ్చు. ఫోటోలో మాడు తప్ప ముఖం పడకూడదు, రోగి ఒప్పుకోకుండా తీయకూడదు.

2. జుట్టు ఊడుతోందని వచ్చిన ప్రతి స్త్రీకీ పాపిట చూసి, అవసరమైనవారికి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించండి. ఉచిత పరీక్షల కోసం రాష్ట్రంలో నిదాన్ పథకం 2018 నుంచి ఉంది. ఇందులో ఏ పరీక్ష ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో గోడ మీద రాయించండి. నెలసరి సక్రమంగా లేనివారిని స్త్రీవైద్య నిపుణుల దగ్గరికి పంపండి.

3. 2015లో మొదలైన నిరామయ ఉచిత మందుల పథకంలో మినాక్సిడిల్ ఇప్పించండి. అది వెంటనే కుదరకపోతే కనీసం జనఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు ఎప్పుడూ నిల్వ ఉండేలా చూడండి. నెలనెలా, ఏళ్ల తరబడి వాడవలసిన మందు ఇది. మొదటి సీసా కొనగలిగినవారు పదో సీసా కొనలేరు.

4. ఔషధ తనిఖీ అధికారులకు ఒక మాట. 1945 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల నిబంధనల్లోని జె షెడ్యూలులో, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితా ఉంది. బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. "నలభై రోజుల్లో ఒత్తైన జుట్టు" అని రాసిన సీసాలు మన సంతల్లో బహిరంగంగా అమ్ముడవుతున్నాయి. వచ్చి చూడండి. మేము చూపిస్తాం.

5. మందుల దుకాణాలవారు ఫినాస్టరైడ్ ఉన్న సీసాను గానీ మాత్రను గానీ వైద్యుడి చీటీ లేకుండా స్త్రీలకు ఇవ్వవద్దు. మినాక్సిడిల్ అడిగినవారిని గర్భవతా, పాలిస్తోందా, రక్తపోటుకు, గుండెకు ఏమైనా మందులు వాడుతోందా అని అడగండి. అడిగితే మా ఆడవాళ్లు నొచ్చుకోరు.

6. ఒక పేజీ కరపత్రం వేయించండి. తెలుగులో, ఒడియాలో రెండింటిలోనూ కావాలి. మా ఇళ్లలో తల్లి తెలుగు చదువుతుంది, ఒడియా బడిలో చదివిన కూతురు తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. సవర గూడేలలో ఆశా కార్యకర్త వారి భాషలోనే నోటితో చెప్పాలి. తెలుగు కరపత్రం రాసిపెట్టడానికి నేను, నాతో పనిచేసి విరమించిన ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నాం. వైద్యులు తప్పులు దిద్దితే చాలు, మాకు డబ్బు అక్కరలేదు.

7. ఈ కేసులను ఓపీ రిజిస్టరులో విడిగా నమోదు చేయండి. ఏడాది తర్వాత మన జిల్లాల లెక్క మన చేతిలో ఉంటుంది. కొరియా, చైనా లెక్కలు చూపి అడగవలసిన పని మాకు ఉండదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు వస్తాను. మలేరియా మీద ఈ జిల్లాల్లో మీరు చేసిన పని మాకు తెలుసు. 2017 నుంచి దమన్ కార్యక్రమంలో మీ సిబ్బంది కొండలెక్కి, జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేసి మందులిచ్చారు. ఆ సిబ్బందికి భోజనం పెట్టిన ఇళ్లలో మా ఇల్లూ ఒకటి. మలేరియా పనిలో ఒక్క గంట తగ్గించి మా జుట్టు చూడమని మేము అనడం లేదు. జ్వరం లేనివారినే వెతుక్కుంటూ వెళ్లి పరీక్షించిన యంత్రాంగం, తనంతట తాను నడిచి ఓపీకి వచ్చిన స్త్రీ తలను ఒక్క నిమిషం చూడలేనిదని నేను నమ్మను. రక్తహీనత మీద మీకు నిజంగా పట్టింపు ఉంటే జుట్టు ఊడుతోందని వచ్చిన ప్రతి స్త్రీ మీకు ఒక అవకాశం. ఆమె తనే వచ్చి చేయి చాచి రక్తం ఇస్తానంటోంది.

ఇంకొకటి. అందం సంగతి అన్న మాట మగవారి విషయంలో వినపడదు. బట్టతల వచ్చిన మగవాడు దుకాణానికి వెళ్లి తనకు కావలసింది అడిగి కొనుక్కుంటాడు. అదే దుకాణంలో ఆడమనిషి అడగడానికి సిగ్గుపడి, పక్కింటి పిల్లవాడి చేత తెప్పించుకుంటోంది. జుట్టు పోవడం వల్ల మగవారి కంటే ఆడవారు మానసికంగా ఎక్కువ కుంగిపోతారని పరిశోధనలు చెబుతున్నాయి. మా వీధిలో అది తెలుసుకోవడానికి పరిశోధన అవసరం లేదు. పెళ్లిళ్లకు, పేరంటాలకు రావడం మానేసినవాళ్లను లెక్క పెడితే చాలు.

వచ్చే అర్జీల సోమవారం మేము మళ్లీ వస్తాం. ఈసారి ఈ లేఖ ప్రతిని, సంఘాల సంతకాలతో, మా దగ్గరున్న ఓపీ చీటీల నకళ్లతో కలిపి ఇస్తాం. పేర్లు కనపడకుండా కొట్టేసి ఇస్తాం. మాకు కావలసిన జవాబు రాతపూర్వకంగా ఉండాలి. అందులో మూడు విషయాలు ఉంటే చాలు: ఏ ఆసుపత్రిలో ఏ రోజున చూస్తారు, ఏ పరీక్షలు, ఏ మందు ఉచితంగా ఇస్తారు, దీనికి బాధ్యులైన అధికారి ఎవరు. కుదరనిది ఏదైనా ఉంటే కుదరదని, ఎందుకు కుదరదో రాయండి. దాన్ని పట్టుకుని పై అధికారుల దగ్గరికి భువనేశ్వర్ వెళతాం.

ఇట్లు,
గజపతి జిల్లా మహిళా పొదుపు సంఘాల తెలుగు సభ్యుల తరఫున
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు